రసజ్ఞుని నాలుక: ద్రాక్షాసవ విమర్శకుని తీర్పును ఎంతవరకు నమ్మవచ్చును?

బెంగుళూరు నగరమునకు తూర్పున ఉన్న వైట్‌ఫీల్డ్ నేడు పెద్ద పెద్ద కార్యాలయములకు నెలవు. దాని పుట్టుక మాత్రము సేద్యము కొఱకు జరిగినది. 1882వ సంవత్సరమున మైసూరు మహారాజు పదవ చామరాజ ఒడెయరువారు యురేషియన్, ఆంగ్లో ఇండియన్ సంఘమునకు సుమారు 3,900 ఎకరముల భూమి నొసగిరి. ఆ సంఘమునకు నాయకుడైన డి.యస్. వైట్ పేరనే ఊరు వెలసినది. ఇక్కడినుండి హొసకోట మీదుగా కోలారునకును, చింతామణికిని పోవు దారుల వెంట తెలుగు మాటాడు రైతు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. వారిలో ద్రాక్షతోటలు గలవారును కలరు. ఉద్యోగముల నిమిత్తమై గత ముప్పదేండ్లలో ఆంధ్రదేశము నుండియు, తెలంగాణము నుండియు వచ్చి స్థిరపడిన తెలుగువారు మఱొక వర్గము. మొదటివారు పండింతురు, రెండవవారు కొందురు. ఈ ఇరువురి నడుమ నిలిచి, ఇది మేలు, ఇది నాసి అని తేల్చువాడొకడు కలడు. ద్రాక్షాసవ విషయమున వానికి వైను విమర్శకుడని పేరు.

నగరపు అంగళ్ళలో విదేశపు వైను సీసాలపై అప్పుడప్పుడు 90, 92, 95 అను అంకెలు గల చీటీలు కనిపించును. ఆ అంకె విమర్శకుని తీర్పు. మన దేశమున దిగుమతి వైనుపై చిరకాలము నూటికి 150 వంతున సుంకము విధింపబడుచు వచ్చినది. కనుక అంకెను నమ్మి కొన్నవాడు అంకె తప్పైనచో వస్తువు ధరతోపాటు సుంకమును కూడ నష్టపోవును. పండించువానికి కలుగు లాభనష్టములు ఇంతకంటె పెద్దవి. వాని సంగతి ముందు రాగలదు. పానము మంచిదా చెడ్డదా అను ప్రశ్న వేఱు విచారణకు చెందినది. దాని నిచట ఎత్తుకొనుట లేదు. ఒక మనుష్యుని నాలుకయు, ముక్కును చెప్పిన సాక్ష్యముపై ధర కట్టుట ఎంతవరకు న్యాయము అనునదే ఇచటి విచారణీయాంశము.

ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. అమరకోశము నాలుకకు చెప్పిన పర్యాయపదములలో ‘రసజ్ఞ’ యనునది ఒకటి. కావ్యమునందలి మేలు నెఱుగువానిని కూడ మనము రసజ్ఞుడనియే పిలుచుచున్నాము. కావ్యశైలికి మన ఆలంకారికులు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని పండ్ల పేర్లు పెట్టిరి. నోట వేసికొనగనే రసము నిచ్చునది ద్రాక్ష. తోలు ఒలిచిన గాని తినరానిది అరటి. పగులగొట్టిన గాని అందనిది టెంకాయ. కోలారు ప్రాంతపు నల్లద్రాక్ష తిన్నవారు ఈ విభాగమునకు చిన్న ఆక్షేపణ చెప్పవచ్చును. దాని తోలు దళసరి, లోని గుజ్జు జారిపోవునది, గింజలు కలవు. తోలు నొక్కి పాఱవేసి, గింజ ఉమిసి తినవలెను. ఆ పండు ద్రాక్షయే గాని దాని పాకము కదళీపాకమునకు దగ్గఱ!

పరిహాస మటుంచి చూచినచో, కావ్యవిమర్శకునికిని వైను విమర్శకునికిని ఒక ముఖ్యభేదము కలదు. కావ్యవిమర్శకుడు తప్పు చెప్పినచో పాఠకుడు అదే పద్యమును మరల చదివి సరిచూచుకొనగలడు. పద్యము తఱుగదు. వైను విమర్శకుడు పుక్కిలించి ఉమిసిన గ్రుక్క మరల రాదు. ఆ సీసాలో మిగిలినది మఱునాటికి మాఱును. సాక్ష్యము నశించిన పిమ్మట తీర్పు మాత్రమే నిలుచును. ఆ తీర్పు నిలుకడ గలదో లేదో తెలిసికొనవలెనన్నచో అదే వైనును విమర్శకునికి తెలియకుండ మరల మరల ఇచ్చి చూచుటకంటె మార్గము లేదు.

తీర్పునకు అంకె రూపము ప్రచారములోనికి వచ్చుటకు ముఖ్యకారకుడు అమెరికాదేశీయుడగు రాబర్ట్ పార్కర్. న్యాయవాదిగా ఉన్న ఈయన 1978లో ‘ది వైన్ అడ్వొకేట్’ అను పత్రికను స్థాపించి, వైనులకు నూటికి ఇన్ని మార్కులని ఇయ్యసాగెను. పాఠశాల చదివినవారందఱికిని అర్థమగు పద్ధతి యగుటచే అది శీఘ్రముగా వ్యాపించినది. ఫ్రాన్సుదేశపు బోర్దో సీమలో 1982వ సంవత్సరపు పంటను ఈయన మిక్కిలి మెచ్చుకొనుటయు, ఆ వైనుల ధరలు పెరుగుటయు ఈయన కీర్తికి పునాదులైనవి. 2019లో ఈయన విరమించునాటికి వైను అమ్మకముపై మార్కుల ప్రభావము మిక్కిలి పెద్దదై యుండెను. ఒకే మనుష్యుని ఇష్టమునకు తగినట్లు తోటలవారు తమ వైనును మార్చుకొనుచున్నారను ఫిర్యాదు కూడ వినవచ్చినది. అది విమర్శకుని తప్పు కాకపోవచ్చును. కాని అంతటి బరువును ఒక నాలుక మోయగలదా?

నాలుక చేయు పని మనము తలచునంత ఎక్కువ కాదు. మన పూర్వులు రుచులు ఆఱు అనిరి. ఉగాది పచ్చడి ఈ లెక్కకు నిదర్శనము. నేటి శారీరకశాస్త్రము తీపి, పులుపు, ఉప్పు, చేదు, వీనికి తోడు మాంసరసము మొదలగువానియందలి ఒక కమ్మదనము, అని అయిదింటిని నాలుకకు ఒప్పగించుచున్నది. కారము మంటకు సంబంధించినది. వగరు స్పర్శకు సంబంధించినది. నేరేడుపండు, పచ్చివక్క తిన్నపుడు నోరు పట్టుకొనిపోవుటకు కారణము వానిలోని టానిను అను పదార్థము లాలాజలమునందలి మాంసకృత్తులతో కలిసి దాని జారుడు గుణమును పోగొట్టుటయే. ఎఱ్ఱ వైను వగరు కూడ ఇట్టిదే. ఒకదాని వెంట ఒకటిగా పది ఎఱ్ఱ వైనులు రుచి చూచినవానికి పదునొకండవది మొదటిదానికంటె వగరుగా తోచుట వింత కాదు. ఇక విమర్శకులు వర్ణించు పువ్వులు, పండ్లు, సుగంధద్రవ్యములు మొదలగునవన్నియు ముక్కు పనియే. నోటిలోని ఆవిరి గొంతు వెనుకగా ముక్కునకు ఎక్కును. జలుబు చేసినపుడు పప్పుచారు చప్పగా ఉండుట అందఱకు అనుభవమే గదా.

అందఱి నాలుకలు ఒకటి కావు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు పి.టి.సి. అను పొడిని తయారు చేయుచుండగా అది గాలిలోనికి లేచినది. ప్రక్కనున్న సహోద్యోగి మిక్కిలి చేదుగా ఉన్నదనెను. ఫాక్స్‌కు ఏ రుచియు తెలియలేదు. ఇది వంశానుగతమైన భేదమని పిదప తేలినది. 2003లో దీనికి ముఖ్యకారణమైన జన్యువును గుర్తించిరి. మన కళాశాలలలో జీవశాస్త్ర విద్యార్థులకు ఈ పొడి పూసిన కాగితపు ముక్కలను నాలుకపై వేసి పరీక్ష చేయించుట కలదు. ఒకే బెంచీపై కూర్చున్న ఇద్దఱిలో ఒకడు ముఖము చిట్లించును, రెండవవాడు ఏమియు లేదనును. ఇద్దఱును నిజమే చెప్పుచున్నారు. చేదును ఎక్కువగా గ్రహించు విమర్శకుడు ‘కటువుగా ఉన్నది’ అనిన వైను మఱొకనికి మెత్తగా తోచినచో ఎవరిని తప్పు పట్టుట?

ఒకరికొకరికి భేదముండుట సహజమే యనుకొందము. ఒక్కని తీర్పు వానితోనైన ఏకీభవించునా అని పరీక్షించినవాడు రాబర్ట్ హాడ్జ్‌సన్. ఈయన సముద్రశాస్త్రాచార్యుడై విరమించి, కాలిఫోర్నియాలో చిన్న వైను కర్మాగారమును నడుపుచుండెను. తన వైనునకు ఒక పోటీలో బంగారు పతకమును, మఱొకదానిలో ఏమియు రాకపోవుటయు చూచి ఆశ్చర్యపడి, లెక్క తేల్చ నిశ్చయించెను. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనవారి పోటీలో 2005 మొదలు 2008 వరకు, ఏటేట సుమారు 65 నుండి 70 మంది న్యాయనిర్ణేతలకు 30 వైనుల వరుసలు ఇచ్చునపుడు, ఒకే సీసానుండి పోసిన మూడు గ్లాసులను ఆ వరుసలో చెదరగొట్టి పెట్టించెను. వారికి ఆ సంగతి తెలియదు.

ఫలితములు 2008లో ‘జర్నల్ ఆఫ్ వైన్ ఎకనామిక్స్’ అను పత్రికయందు వెలువడినవి. మూడు గ్లాసులకును ఒకే పతకపు స్థాయిలో మార్కులు వేయగలిగినవారు నూటికి పదిమంది మాత్రమే. మఱి పదిమంది వంతు అదే వైనునకు ఒకమాఱు కంచు, మఱొకమాఱు బంగారము ఇచ్చిరి. సాధారణ న్యాయనిర్ణేత మార్కులు నాలుగేసి అటునిటు ఊగినవి. అంగడిలోని 90కిని 94కును గల అంతరమంతయు ఈ ఊగుటలోనే ఇమిడిపోవును. మఱుసటి సంవత్సరము హాడ్జ్‌సన్ ఇంకొక లెక్కను ప్రకటించెను. మూడింటికంటె ఎక్కువ పోటీలకు వెళ్ళిన 2,440 వైనులలో నూటికి 47 ఎక్కడనో ఒకచోట బంగారు పతకము పొందినవి. అట్లు పొందినవానిలో నూటికి 84 మఱొక పోటీలో ఏ పతకమును పొందలేదు. పతకము చూచి సీసా కొనువారు ఈ రెండవ అంకెను మనసున నుంచుకొనవలెను.

అయినను ఈ పరిశోధనలోనే మఱొక విశేషము కలదు. దానిని ఎత్తి చెప్పువారు తక్కువ. న్యాయనిర్ణేతలు తమకు నచ్చినదాని విషయముకంటె నచ్చనిదాని విషయమున ఎక్కువ నిలుకడ చూపిరి. చెడ్డదానిని చెడ్డదని మూడుసార్లును చెప్పగలిగిన నాలుక, మంచివానిలో ఏది ఎక్కువ మంచిది అను ప్రశ్న వచ్చునప్పటికి తడబడినది. ఈ విశేషము ప్రస్తుత విచారణకు తాళపుచెవి వంటిది.

కన్ను నాలుకను ఎట్లు త్రిప్పునో తెలిపిన పరిశోధన ఫ్రాన్సులో జరిగినది. బోర్దోలో వైను తయారీ శాస్త్రము చదువుచున్న 54 మంది విద్యార్థులకు ఒక తెల్ల వైనును ఇచ్చి దాని వాసనను వర్ణింపుమనిరి. మఱొకమాఱు అదే తెల్ల వైనునకు వాసన లేని ఎఱ్ఱరంగు కలిపి ఇచ్చిరి. రంగు కలిపిన దానికి విద్యార్థులు ఎఱ్ఱ వైనునకు వాడు మాటలనే వాడిరి. మోరో, బ్రోషే, డ్యుబుర్దియు అను మువ్వురు దీనిని 2001లో ప్రకటించిరి. భాషాభిమానులు గమనింపదగిన సంగతి మఱొకటి వారే చూపిరి: తెల్ల వైను వర్ణనలలో తేనె, నిమ్మ మొదలగు లేతరంగు వస్తువుల పేర్లును, ఎఱ్ఱ వైను వర్ణనలలో ముదురురంగు పండ్ల పేర్లును వచ్చుచున్నవి. అనగా వర్ణన ముక్కునుండి పుట్టకమునుపే కంటినుండి పుట్టుచున్నదన్నమాట. ఈ పరిశోధనను చెప్పువారు పెద్ద విమర్శకులందఱును మోసపోయిరని అతిశయించి చెప్పుచుందురు. అది సరికాదు. మోసపోయినవారు విద్యార్థులు, వారిని అడిగినది వాసన గూర్చియే.

ధర కూడ కన్నువంటిదే. 2008లో కాలిఫోర్నియాలో 20 మందికి ఒకే వైనును రెండు ధరలు చెప్పి రుచి చూపిరి. ధర ఎక్కువ చెప్పినపుడు రుచియు మేలుగా నున్నదని వారు చెప్పుటయే గాక, మెదడునందు సంతోషమును గ్రహించు భాగము కూడ ఎక్కువగా పనిచేయుట యంత్రములలో కనబడినది. కాబట్టి వారు గొప్పకొఱకు అబద్ధము చెప్పలేదు. ధర వారి సుఖమునే మార్చినది. పెండ్లి విందులో వెండికంచమున వడ్డించిన పులిహోర రుచి వేఱుగా నుండుట ఇట్టిదే కాబోలు.

పేరు తెలిసినచో పండితులును జారుదురనుటకు న్యాయస్థానపు రికార్డే సాక్ష్యము. రూడీ కుర్నియావాన్ అను ఇండొనీషియా దేశీయుడు అమెరికాలో తన ఇంట వైనులు కలిపి, పాత సీసాలలో పోసి, ప్రసిద్ధమైన తోటల పేరిట లక్షలాది డాలర్లకు అమ్మెను. కొన్నవారిలోను, త్రాగినవారిలోను గొప్ప రసజ్ఞులుండిరి. 2008 ఏప్రిలులో న్యూయార్కు వేలమునకు బర్గండీ సీమలోని పోన్సో కుటుంబపు ‘క్లో సాఁ దెనీ’ అను వైను, 1945 మొదలైన సంవత్సరములదని, వచ్చినది. ఆ కుటుంబమువారు ఆ పేరిటి వైనును చేయ మొదలుపెట్టినదే 1980 దాటిన పిమ్మట! లొరాఁ పోన్సో స్వయముగా వచ్చి ఆ సీసాలను వేలమునుండి తీయించెను. 2013లో కుర్నియావాన్ దోషిగా తేలి, 2014లో పది సంవత్సరముల శిక్ష పొందెను. ఆనాడు మోసమును పట్టినది నాలుక కాదు, పంచాంగము.

ఇంతవఱకు చదివినవారు విమర్శకుని నాలుక వట్టి దంభమని తీర్మానింపవచ్చును. అది తొందరపాటు. పేరును దాచి రుచి చూచుటచే జరిగిన మేలు కూడ చరిత్రలో కలదు. 1976 మే 24వ తేదీన పారిసులో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్ల వర్తకుడు ఫ్రెంచి వైనులను, కాలిఫోర్నియా వైనులను పేర్లు మఱుగుపఱచి ఫ్రెంచి పండితులచే పరీక్షింపజేసెను. ఎఱ్ఱవానిలో స్టాగ్స్ లీప్ తోటదియు, తెల్లవానిలో మోన్తెలేనా తోటదియు, రెండును 1973 సంవత్సరపు కాలిఫోర్నియా వైనులే, మొదటికి వచ్చినవి. ఒక న్యాయనిర్ణేత్రి తన మార్కుల కాగితము తనకు తిరిగి ఇమ్మని అడిగెనని ప్రసిద్ధి. ఎఱ్ఱ వైనులలో మొదటిదానికిని, రెండవదగు మూతోఁ రోత్‌షిల్డునకును అంతరము 20 మార్కులకు ఒక మార్కులో అయిదవ వంతు కూడ లేదు. కావున ‘కాలిఫోర్నియా గెలిచినది’ అను మాటకు గణితబలము తక్కువ. అయినను ‘కాలిఫోర్నియా వైను ఫ్రెంచివానితో ఒక పంక్తిని కూర్చుండదగును’ అను మాట నిలిచినది. పేరులేని గ్లాసు లేకున్నచో ఆ మాత్రపు న్యాయము ఆ రైతులకు దొరకెడిది కాదు.

దోషమును పట్టుటలో శిక్షణ పొందిన ముక్కు నిజముగా గొప్పది. వైను సీసాలకు పెట్టు బెండు బిరడాలలో కొన్నిటియందు ట్రైక్లోరోఆనిసోల్ అను పదార్థముండి వైనును పాడుచేయును. 1980 దశాబ్ది ఆరంభమున దీనిని స్విట్జర్లాండులో గుర్తించిరి. లక్షకోట్ల భాగములలో కొలది భాగములున్నను దీని వాసన తెలియును. మనవారి మాటలో చెప్పవలెనన్నచో ఇది ముక్కిన బియ్యపు వాసన, తడిసిన అట్టపెట్టె వాసన. పేరు తెలిసినను తెలియకున్నను, ధర ఎంతయైనను, అనుభవజ్ఞుడు దీనిని పట్టగలడు. ఇది మన ఇండ్లలో పెద్దవారు నిత్యము చేయుచుండిన పనియే. నెయ్యి కమురు వాసన వచ్చెనా, పప్పు మాడెనా, చింతపండు పచ్చివాసన పోయెనా అను సంగతి గిన్నె మూత తీయకమునుపే చెప్పగల అమ్మమ్మలు మనలో ఎందఱో కలరు. కమురు, మాడు, పచ్చి, నీచు, ముక్కు అని తెలుగు దోషపు వాసనలకే ఇన్ని పేర్లు పెట్టుట గమనింపదగినది. మంచి వాసనలకు ‘కమ్మగా’, ‘ఘుమఘుమ’ అను రెండు మాటలతో సరిపెట్టుకొన్నాము. హాడ్జ్‌సన్ లెక్కలలో తేలినది మన భాష ఎన్నడో ఎఱిగినట్లున్నది.

కనుక విమర్శకుని నాలుకను సాక్షిగా పిలువవచ్చును. ఇందు పులుపు హెచ్చు, ఇందు వగరు మెత్తన, ఇది చెడినది, ఇది కలిపినది, అని అది చెప్పినచో, పేరు చూడకుండ చెప్పినదైనచో, అంగీకరింపవచ్చును. దానినే న్యాయపీఠముపై కూర్చుండబెట్టి ఇది 93, అది 91 అని తీర్పు చెప్పింపగనే దాని శక్తికి మించిన పని దానిపై పెట్టినవారమగుదుము.

సాక్షికి కూడ పుట్టిపెరిగిన ఊరొకటి ఉండును. ఈ సంగతికి వైట్‌ఫీల్డ్ పరిసరములకంటె మంచి ఉదాహరణము దొరకదు. బెంగుళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురము, కోలారు జిల్లాలలో పండు ‘బెంగుళూరు బ్లూ’ అను నల్లద్రాక్ష భౌగోళిక గుర్తింపు పొందిన పంట. ఇందు అమెరికా అడవిద్రాక్ష యగు లాబ్రుస్కా జాతి రక్తము కలదు. ఆ జాతి సుగంధమునకు ముఖ్యకారణము మిథైల్ ఆంత్రనిలేట్ అను పదార్థము. ఐరోపా సంప్రదాయమున పెరిగిన విమర్శకులు ఈ వాసనకు ‘నక్క వాసన’ అని పేరు పెట్టి దోషముగా పరిగణింతురు. దీనికి దగ్గఱి చుట్టమగు ఇసబెల్లా ద్రాక్షతో వైను చేయుటను ఫ్రాన్సు 1930 దశాబ్దిలో చట్టముచేతనే నిషేధించినది. అదే పదార్థము మల్లెజాతి పువ్వుల పరిమళమునందును, నారింజ పూవునందును కలదు! బెంగుళూరు వీథులలో పెరిగిన పిల్లవానికి ద్రాక్ష అనగా ఆ వాసనయే. ఒకరు నక్కను పసికట్టినచోట మఱొకరు మల్లెను గుర్తించుచున్నారు, పదార్థము ఒక్కటే. ఇచట నాలుక తప్పు చేయలేదు, ముక్కు తప్పు చేయలేదు. ‘ఈ వాసన కలదు’ అను సాక్ష్యము సత్యము. ‘ఇది దోషము’ అను తీర్పు మాత్రము ఒక దేశపు అలవాటు.

ఆ అలవాటు రైతునకు ధర రూపమున తగులును. నంది కొండల దిగువ దొడ్డబళ్ళాపురము వద్ద గ్రోవరు కుటుంబమువారు ఫ్రెంచి జాతుల తీగెలు తెచ్చి నాటి, 1990 దశాబ్ది నడుమనుండి బోర్దో పండితుడగు మిషెల్ రోలాఁ సలహాతో వైను చేయించిరి. కర్ణాటక ప్రభుత్వము 2007లో ద్రాక్షాసవమునకు ప్రత్యేక విధానమును ప్రకటించినది. విమర్శకుల మెప్పును కోరు సీసాలకు ఫ్రెంచి జాతులే కావలసివచ్చినవి. బెంగుళూరు బ్లూ పండు రసమునకును, జామునకును, చౌకరకపు తీపి వైనునకును పోయినది. దానితో చేసిన వైను గొప్పదని వాదించుట ఈ వ్యాసమున ఉద్దేశము కాదు. దానిని దాని గుణములచే పరీక్షింపదగిన పట్టిక లేదనునదే ఇచటి మాట.

ద్రాక్షకంటె కాఫీయందు ఈ సంగతి మఱింత స్పష్టమగును. బెంగుళూరునందు ప్రధాన కార్యాలయము గల కాఫీబోర్డు 1942 చట్టముచే ఏర్పడి, చిరకాలము పంటనంతయు ఒక్కచోట చేర్చి అమ్మెడిది. ఎవరి తోట కాఫీ ఎట్టిదో కొనువానికి తెలియదు. 1996నాటికి ఆ పద్ధతి పూర్తిగా తొలగి, రైతు తన కాఫీని తానే అమ్ముకొనసాగెను. అప్పటినుండి రుచి పరీక్షకుని మాటకు ధర వచ్చినది. వారి పద్ధతి వైను విమర్శకుని పద్ధతికంటె కట్టుదిట్టమైనది. ఒక మచ్చునకు అయిదు గిన్నెలు. ప్రతి గిన్నెకును కొలిచిన పొడి, కొలిచిన వేడినీరు. సుమారు నాలుగు నిమిషములకు పైని తెట్టును చెంచాతో విరిచి వాసన చూచుట. పిమ్మట పెద్దచప్పుడుతో పీల్చి ఉమియుట. అయిదు గిన్నెలలో ఒకటి చెడినను తెలిసిపోవును. నూటికి 80 మార్కులు దాటినచో అది విశిష్టమైన కాఫీ. దాటనిచో సామాన్యపు సరకు. విశాఖ మన్యమునందలి అరకు కాఫీ 2018లో పారిసులో ‘ప్రి ఎపిక్యూర్’ బంగారు పతకమును, 2019లో భౌగోళిక గుర్తింపును పొందినది. ఎకరమో రెండెకరములో గల గిరిజన కుటుంబమునకు 79కిని 81కిని గల భేదము వట్టి అంకెల భేదము కాదు. ఆ ఏటి ఆదాయపు భేదము. హాడ్జ్‌సన్ చూపిన ఊగు ఈ బల్లవద్ద కూడ కలదని తలచినచో, ఆ రెండు మార్కులు కాఫీవా పరీక్షకునివా అని అడుగుటకు రైతునకు హక్కు కలదు.

ఈ చిక్కును ఆ వృత్తివారే గుర్తించిరి. అంతర్జాతీయ విశిష్ట కాఫీ సంఘమువారు 2023లో కొత్త పరీక్షాపత్రమును ప్రవేశపెట్టి, వర్ణనను మెప్పునుండి విడదీసిరి. మొదటి కాగితమున పులుపు ఎంత, తీపి ఎంత, ఏయే వాసనలు కలవు అని వ్రాయవలెనే గాని మంచిచెడ్డలు వ్రాయరాదు. మెప్పునకు వేఱు కాగితము. అది పరీక్షకుని అభిప్రాయమని స్పష్టముగా తెలియును. కొనువాడు మొదటి కాగితము చూచి తన బజారునకు తగినది ఏరుకొనవచ్చును. వైను పోటీలవారు ఈ మార్గమును ఇంకను విరివిగా అవలంబింపవలసి యున్నది.

వైట్‌ఫీల్డ్‌లోని తెలుగు గృహస్థులు తమ నాలుకను తామే పరీక్షించుకొనదలచినచో సీసాలు కొననక్కఱలేదు; ఫిల్టరు కాఫీ చాలును. చికోరి కలిపిన డికాషను ఒకటి, కలపనిది ఒకటి సిద్ధము చేసికొని, మూడు గిన్నెలలో రెండింట ఒకటియు, మూడవదానిలో రెండవదియు పోయించి, వేఱుగా నున్నది ఏదో చెప్పవలెను. దీనిని త్రిభుజ పరీక్ష యందురు. ఏమియు తెలియక ఊహించువాడు మూడింట ఒక వంతు సరిగా చెప్పును. కనుక ఒకసారి చెప్పినంత మాత్రమున గొప్ప లేదు. గిన్నెల వరుస మార్చుచు ఆఱుసార్లు చేయవలెను. ఊరక ఊహించి ఆఱింట అయిదుగాని, ఆఱుగాని సరిగా చెప్పుటకు అవకాశము 729లో 13 మాత్రమే. గిన్నెలన్నియు ఒకే రంగువి కావలెను. కాఫీ అంతయు ఒకే వేడిలో ఉండవలెను. చికోరి రంగును చిక్కబఱచును గనుక కండ్లకు గంత కట్టుట మేలు. పోసినవారు ఆ గదిలో ఉండరాదు. వారి ఊపిరిలోని మార్పే జవాబు చెప్పివేయును.